కొండమలుపు దగ్గర నలభై సెకన్లు

సంతకం పెట్టే ముందు నూకరత్నం ఒక్కటే అడిగింది.

"అయితే మోపెడ్డు కూడా నడపనేనా మేడమ్?"

డాక్టర్ కామేశ్వరి అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. "నడపలేరు రత్నంగారూ. సైకిలు కూడా తొక్కలేరు. మళ్ళీ నేర్చుకుందామన్నా రాదు. అందుకే ఇంకో వారం ఆలోచించుకోమంటున్నాను," అంది.

"ఇచ్చిన వారమంతా ఆలోచించాను. మా ఆయన్ని కూడా అడిగీసినాను. ఆడికి బెంగల్లా ఇక మీదట నన్ను ఎనకాల ఎక్కించుకు తిప్పాలనే," అని నూకరత్నం కాగితాలు దగ్గరికి లాక్కుని మూడు చోట్ల సంతకం చేసింది.

విశాఖలో బీఆర్టీఎస్ బస్సులకు విడిగా దారి వేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఆ దారిని అనకాపల్లి దాకా, ఆపైన యలమంచిలి దాకా పొడిగించాలి. నిమిషానికొకటి చొప్పున, డ్రైవరు లేకుండా తిరిగే రెండువందల బస్సులు. విడి దారి ఉన్నంత మేరా యంత్రానికి ఢోకా లేదు. చిక్కంతా కొండమలుపు దగ్గరే వచ్చింది. అక్కడ ఒక పక్క కొండ, ఇంకో పక్క కాలువ. విడి దారికి చోటు లేదు. అర కిలోమీటరు మేర ఈ బస్సులు కూడా లారీలతో, ఆటోలతో, గేదెలతో, పెళ్ళి ఊరేగింపులతో కలిసి పోవలసిందే. ఎంత తెలివైన యంత్రాన్ని తెచ్చినా అక్కడికి వచ్చేసరికి బిక్కమొహం వేసుకుని నిలబడిపోయేది. గేదె ఎప్పుడు కదులుతుందో, ఆటో ఎటు తిరుగుతుందో లెక్కలు కట్టి తెలుసుకునే విషయం కాదు. అది చేతికి తెలియాలి.

ఆ చేతికి తెలిసినదాన్ని మనిషిలోంచి తీసి బస్సుకు ఇచ్చే సాధనాన్ని కామేశ్వరి కనిపెట్టింది. డ్రైవరు తలకు టోపీ పెట్టి, చేతులకు తొడుగులు వేసి పదకొండు రోజులు బస్సు నడిపిస్తారు. ఆఖరి రోజున నరాల్లో ఆ విద్య ఉన్న దారులన్నిటినీ ఒక్కసారిగా చదివేస్తారు. చదివిన దారి చెరిగిపోతుంది. ఎంత గింజుకున్నా ఆ చెరిగిపోవడాన్ని మాత్రం ఆపలేకపోయారు. పరిశోధన కేంద్రంవాళ్ళు దానికి పెట్టిన పేరు ఎవరి నోరూ తిరగనిది. డిపోవాళ్ళు హస్తవాసి అన్నారు, అదే ఖాయమైంది.

రెండువందల పదకొండు మంది డ్రైవర్లను పరీక్షించి, చివరికి ఒక్క చెయ్యి ఎంచారు. అనకాపల్లి డిపోలో మొట్టమొదటి ఆడ డ్రైవరు, ఇరవై రెండేళ్ళుగా బస్సుకు గీత పడనివ్వని నూకరత్నం చెయ్యి. ఆ సంగతి తెలిసిన రోజున ఆమె డిపోలో మామూలుగానే టీ తాగింది, మామూలుగానే డ్యూటీ ఎక్కింది. కానీ ఆ రోజు ఆమె హారన్ కొట్టిన తీరులోనే గర్వం తెలిసిపోయిందని తోటి డ్రైవర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఒప్పుకున్నది మాత్రం గర్వం కోసం కాదు. ఇరవై రెండేళ్ళూ ఆమె అద్దంలో చూసింది ఒకటే దృశ్యం. బస్సు నిండిపోయి ఆపలేక వెళ్ళిపోతుంటే, స్టాపులో మిగిలిపోయిన జనం. కంపెనీలకు పోయే ఆడపిల్లలు, ఆసుపత్రి చీటీలు పట్టుకున్న ముసలివాళ్ళు. "నాను ఒక్క బస్సే నడపగలను. మిగిలిపోయినోళ్ళని ఎవలు ఎక్కించుకుంటారు?" అని రోజూ ఇంట్లో సణిగేది. ఆ ప్రశ్నకు జవాబు రెండువందల బస్సులై వచ్చి తన ముందు నిలబడితే, కాదనడానికి ఆమెకు మనసొప్పలేదు.

పదకొండో రోజు ఆఖరి ట్రిప్పు ముగించి బస్సును డిపోలో వరసలో నిలబెట్టింది. కామేశ్వరి పక్కన కూర్చుని, "సిద్ధమేనా?" అని అడిగింది. నూకరత్నం తల ఊపింది. టోపీ కాస్త వేడెక్కింది, అంతే. నొప్పేమీ లేదు. పది నిమిషాల తరువాత కళ్ళు తెరిచి ఎదురుగా ఉన్న స్టీరింగును చూసింది. గుండ్రంగా ఉంది. కాళ్ళ దగ్గర ఏవో మూడు ఇనప పలకలు ఉన్నాయి. వాటిలో ఏది తొక్కితే ఏమవుతుందో ఆమెకు తెలియలేదు. కామేశ్వరి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. కిందికి వచ్చాక కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

* * *

మొగుడు సన్యాసిరావు అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు ఎత్తుతాడు. మనిషి దిట్టమే కానీ బండి నడపడంలో పరమ పిరికివాడు. ఇన్నేళ్ళూ మోపెడ్డు మీద భార్య వెనకాల దర్జాగా కూర్చుని ఊరంతా తిరిగాడు.

"ఎక్కు మరి. ఇరవై ఏళ్ళు నీ ఎనకాల కూసున్నాను. ఇప్పుడు నా ఎనకాల కూసోడానికి సిన్నతనమేటి?" అన్నాడు మొదటి రోజు.

"సిన్నతనం కాదు మావా, బయం. నువ్వెల్లే ఏగానికి నడిసెల్లేవోళ్ళు మనల్ని పక్కకి తప్పుకోమంటారు," అంది నూకరత్నం, ఎక్కి కూర్చుంటూ.

నవ్వులాటగానే గడుపుతోంది కానీ లోపల వెలితి వెలితే. డిపోలో ఆమెకు పాసులు రాసే కుర్చీ ఇచ్చారు. గోడ అవతల బస్సు స్టార్టయితే పెన్ను ఆగిపోయేది. ఇంజను శబ్దం వినగానే ఇదివరకు ఏ బస్సుకు ఏ రోగమో చెప్పేసేది. ఇప్పుడు అది ఉత్త చప్పుడు. ఒక రోజు తూకంలో నూనె తక్కువొచ్చిందని కొట్టువాడితో అరగంట దెబ్బలాడింది. ఇంటికొచ్చాక, ఆ కోపం నూనె మీద కాదని తనకే అర్థమైంది.

ఒక్కటే ఊరట. తన చెయ్యి ఊరికే పోలేదు. బస్సులు వచ్చాయి. సీట్లలో మనుషుల బదులు ఇసక బస్తాలు పెట్టుకుని రోజూ అనకాపల్లి, విశాఖ మధ్య పరీక్షలకు తిరుగుతున్నాయి. అనుమతి వచ్చేదాకా మనిషి ఎక్కకూడదని నిబంధన. తమ వీధి చివర నించుంటే ఆ బస్సులు పోవడం కనిపిస్తుంది. గోతి దగ్గర ముందు చక్రం మెల్లగా దించి, వెనక చక్రాన్ని పక్కకు తప్పించే తీరు చూసి వీధిలో వాళ్ళు, "అచ్చం నూకరత్నమే," అనేవారు. ఆమెకు ఆ పోలిక తెలియదు. అయినా ఆ మాట వినడం కోసమే రోజూ పాలకని చెప్పి ఆ చివరికి వెళ్ళేది.

* * *

పరీక్షలు మొదలైన ఏడో రోజున కామేశ్వరి ఫోన్ చేసి పరిశోధన కేంద్రానికి రమ్మంది.

అక్కడ మహానగర ప్రాంత రవాణా అధికారి విశ్వనాథం కూర్చుని ఉన్నాడు. గట్టి మనిషి, మాట మాత్రం మెత్తన. "కూర్చోండి అమ్మా," అని, గోడ మీది తెర చూపించాడు.

"ఉదయం ఆరున్నరకూ ఏడుకూ మధ్య కొండమలుపు దాటే ప్రతి బస్సూ ఒకే చోట ఆగుతోంది. రోడ్డుకు అడ్డంగా వాలి, నలభై సెకన్లు. అక్కడ స్టాపు లేదు. తలుపు తెరవదు. ఎక్కినవాళ్ళు సున్నా, దిగినవాళ్ళు సున్నా. ఆగే క్షణానికి ఎదురుగా ఏ అడ్డంకీ లేదని బస్సే రాసుకుంటోంది. మరి ఎందుకు ఆగుతోంది?"

నూకరత్నం ఆ అంకెల వంక చూసింది. కొండమలుపు తెలుసు. అక్కడి టీ కొట్టు తెలుసు, కొట్టువాడి కూతురి పెళ్ళి తెలుసు. ఆగడం మాత్రం తెలియదు.

"నాకు గుర్తు లేదండి."

"ఎన్నేళ్ళు నడిపారు ఆ మొదటి ట్రిప్పు?"

"తొమ్మిదేళ్ళు."

"తొమ్మిదేళ్ళు రోజూ చేసిన పని గుర్తు లేదా?"

కామేశ్వరి కల్పించుకుంది. "తప్పు ఆవిడది కాదు సార్. నోటికి తెలిసిన సంగతులు ఆవిడ దగ్గరే ఉన్నాయి. చేతికి తెలిసినవే మేం తీసుకున్నాం. ఆ ఆగడం గురించి ఈవిడ ఎప్పుడూ ఎవరికీ చెప్పి ఉండరు. చెప్పకుండా చేసిన పని కాబట్టి మొత్తం చేతితోనే వెళ్ళిపోయింది."

నిజమే. స్టాపు లేని చోట బస్సు ఆపితే మెమో ఇస్తారు. చెప్పుకునే పని కాదు. తను ఏదో దాచింది, అదేమిటో తనకే దొరకడం లేదు.

"ఆ ముక్క ఒక్కటీ కత్తిరించలేరా?" అన్నాడు విశ్వనాథం.

"లేం. ఇది అల్లిక సార్. ఒక పోగు లాగితే అంతా వస్తుంది."

ఆయన నిట్టూర్చాడు. "ఇలా ఒక బస్సు ఆగితే వెనక వచ్చేవన్నీ ఆలస్యమవుతున్నాయి. నలభై రెండు నిమిషాల్లో చేరుస్తామని మాట ఇచ్చాం. పైగా కారణం తెలియని పని చేసే బస్సులో నేను జనాన్ని ఎక్కించలేను. ఎల్లుండి ఆఖరి పరీక్ష. ఈలోగా కారణం తేలకపోతే ఈ చెయ్యి పక్కన పెట్టి, జాబితాలో రెండో డ్రైవరును పిలుస్తాం. పొడిగింపు ఏడాది వెనక్కి పోతుంది. ఏం చెయ్యను అమ్మా?"

రెండో డ్రైవరు ఎవరో నూకరత్నానికి తెలుసు. పరదేశి అని, పెందుర్తి డిపో కుర్రాడు, మొన్ననే పెళ్ళయింది. ఆ పిల్లాడి చెయ్యి కూడా పోతుంది. తనదేమో చెత్తబుట్టలోకి పోతుంది. తీసుకున్నది తిరిగి పెట్టడం కూడా కుదరదు. ఇరవై రెండేళ్ళ విద్య ఎవరికీ కాకుండా పోతుంది.

"ఈ ఏడు రోజుల్లో ఎవరైనా పొద్దున్న ఆ మలుపు దగ్గరికెళ్ళి చూసారాండి?" అని అడిగింది.

ఎవరూ చూడలేదు. దారిన పోయేవాళ్ళ బొమ్మలు దాచకూడదన్న చట్టం వల్ల బస్సుల్లోంచి అంకెలే వస్తాయి. కేంద్రంవాళ్ళు ఆ అంకెలనే ఏడు రోజులూ తిరగేసి బోర్లేసి చూస్తూ కూర్చున్నారు. అక్కడికి ముప్పై కిలోమీటర్ల దూరమైనా లేదు.

* * *

మర్నాడు ఆరు గంటలకే సన్యాసిరావు మోపెడ్డు తీశాడు. వెళ్తున్నంతసేపూ నూకరత్నం వెనకనుంచి "బేగి పోనీ మావా" అని పోరు పెడుతూనే ఉంది. అతను మాత్రం తన వేగం వదల్లేదు. కొండమలుపు చేరేసరికి ఆరూ ముప్పై అయిదు.

మలుపుకు ఇవతల, కాలువ గట్టు మీద పదిహేను మంది ఆడవాళ్ళు నెత్తిన గంపలతో నిలబడి ఉన్నారు. తోటకూర, గోంగూర, కనకాంబరాలు. రోడ్డు అవతల ఆటోలు ఉన్నాయి, వాటిలో రైతుబజారుకు పోవాలి. రోడ్డు మీద లారీలు ఊపిరాడకుండా వస్తున్నాయి. ఆడవాళ్ళు మాత్రం తొందరపడటం లేదు. తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటున్నారు.

ఇంతలో మలుపులోంచి బస్సు వచ్చింది. డ్రైవరు సీటు ఖాళీ, కిటికీల్లో ఇసక బస్తాలు. గట్టు దగ్గరకు వచ్చి వేగం తగ్గించింది. ముక్కు ఎడమకు వాల్చి, వెనకభాగం కుడి పక్కకు తెచ్చి, వెనక వచ్చే లారీలకు అడ్డంగా గోడ కట్టినట్టు నిలబడింది. ఆడవాళ్ళు దాని ముందునుంచి నడిచి రోడ్డు మధ్య వరకు వెళ్ళి, అవతలి సగం పరిగెత్తి దాటారు. ఆఖరి గంప దాటగానే బస్సు సర్దుకుని వెళ్ళిపోయింది. సరిగ్గా నలభై సెకన్లు.

నూకరత్నం గట్టు మీద కూర్చుండిపోయింది. సూరమ్మ అనే డెబ్భై ఏళ్ళ ముసలామె వెనకబడి, బస్సు వెళ్ళాక గంపతో గట్టు చేరింది. గంప దించి ఆమె మొహంలోకి తొంగి చూసింది.

"ఓలమ్మ, డ్రైవరమ్మవి కాదేటి నువ్వు?"

"నన్ను ఎరుగుదువా?"

"ఎరగకపోడమేటి? నా కోడలు పాపయ్యమ్మని ఈ రోడ్డు మీదే లారీ కొట్టీసిన నాడు నీ బస్సు ఎనకాలే ఉండీది. నువ్వే దిగొచ్చి నోట్లో నీల్లు పోసినావు. మర్నాటి నుండి నీ బస్సు అడ్డమెడతన్నావు. తొమ్మిదేల్లు ఒక్క నాగా నేదు. నీకే గురుతు నేదేటి?"

నూకరత్నం తల అడ్డంగా ఊపింది. ఆ పాపయ్యమ్మ మొహం కోసం లోపలంతా వెతికింది. దొరకలేదు; ఎవరికీ చెప్పుకోని ఆ రోజు కూడా చేతితోనే పోయింది. దుఃఖం వచ్చింది, దాని వెనకే ఇంకేదో కూడా వచ్చింది. తాను అంత పని చేసిందని ఒక మనిషి ఎదురుగా నిలబడి చెప్పడం ఆమెకు వెచ్చగా ఉంది.

"ఇప్పుడు బస్సులో డ్రైవరు లేడు కదా. మీకు బయం లేదా, ఎలా దాటతన్నారు?"

"మొదట్నాడు బయమేసింది. ఖాళీ సీటు సూసి గట్టునే ఉండిపోనాం. అప్పుడది అలా వాలి ఆగింది. అలా వాలి ఆగీ బస్సు ఇంకోటి ఉన్నాదేటి? నువ్వే పంపినావనుకున్నాం." సూరమ్మ గంప ఎత్తించుకుంది. "ఇటు పక్కకి ఏ బాదా నేదు. అటు పక్కే పరిగెత్తాల. మొన్న మా ఈదిలో పిల్ల పడి సెయ్యి ఇరుసుకుంది."

* * *

ఆఖరి పరీక్షకు విశ్వనాథం, కామేశ్వరి, నూకరత్నం సంతకాలు చేసి బస్సెక్కారు. ఇసక బస్తాల మధ్య మనుషులు ఆ ముగ్గురే. అంతవరకు ఆ వేళ విశాఖ వైపు పోయే బస్సులే తిరిగేవి; ఆ రోజునుంచి తెల్లవారుజామునే రెండు వైపులా బస్సులు పూర్తిగా నడుస్తున్నాయి. నూకరత్నం చెప్పినదంతా ఆయన విన్నాడు.

"మంచి పనే అమ్మా, ఎవరు కాదంటారు? అక్కడ పైవంతెన కట్టిస్తాను. అప్పుడు బస్సు ఆగనక్కర్లేదు," అన్నాడు.

"పాతిక కిలోల గంప నెత్తిన పెట్టుకుని యాభై మెట్లు ఎక్కి దిగండి బాబూ. మీరు దిగేదాకా నేను కింద నిలబడి చూస్తాను. వాళ్ళు ఎక్కరు. కింద నుంచే దాటతారు, బస్సేమో ఆగదు. అప్పుడు ఇంకో పాపయ్యమ్మ."

"రత్నంగారి చేతిలో అదొక తప్పు అని మనం అనుకున్నాం సార్," అంది కామేశ్వరి. "గేదెను కనిపెట్టి బ్రేకు వేసే చెయ్యీ ఇదీ వేరు కాదు. అక్కడ జనం నిలబడి ఉన్నారని తెలిసిన చెయ్యి కనకే మలుపులో ఇన్ని రోజులూ ఒక్క దెబ్బ తగల్లేదు."

విశ్వనాథం కిటికీ వైపు జరిగాడు. వాచీ విప్పి అరచేతిలో పెట్టుకున్నాడు.

మలుపు తిరిగింది. గట్టు మీద గంపలు కనిపించాయి. బస్సు మెల్లగా వాలి, అడ్డంగా ఆగింది. వెనక లారీల హారన్లు మొదలయ్యాయి. ఆడవాళ్ళు ముందునుంచి నడుస్తుంటే విశ్వనాథం మొదటిసారి అంకెల బదులు వాళ్ళ మొహాలు చూశాడు. పది సెకన్లు, ఇరవై. గంపలు రోడ్డు మధ్యకు చేరాయి. అవతలి సగంలో విశాఖ వైపునుంచి లారీలు జోరుగా వస్తున్నాయి. ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, పరుగుకు సిద్ధంగా నిలబడ్డారు.

అప్పుడు ఆ లారీలకు ముందుగా వస్తున్న బస్సు, విశాఖనుంచి ఇసక బస్తాలు వేసుకుని వస్తున్న ఇంకో బస్సు, వేగం తగ్గించింది. ముక్కు ఎడమకు వాల్చి, వెనకభాగం కుడికి తెచ్చి అడ్డంగా నిలబడింది. రెండు బస్సులు, రెండు సగాలూ మూసేశాయి. నడుమ దారి ఖాళీగా ఉంది.

"ఆ బస్సుకు ఎవరు చెప్పారు?" అన్నాడు విశ్వనాథం.

కామేశ్వరి నోరెళ్ళబెట్టి చూస్తోంది. "ఎవరూ చెప్పలేదు సార్. రత్నంగారు ఈ వేళప్పుడు అటునుంచి ఎప్పుడూ రాలేదు. ఆవిడ మొదటి ట్రిప్పు ఎప్పుడూ ఇటే. ఇది మేం తీసుకున్నదాంట్లో లేదు."

"అటునుంచి వచ్చుంటే నేనూ అదే చేద్దును," అంది నూకరత్నం.

తొమ్మిదేళ్ళు ఆమె ఒక్క సగమే మూయగలిగింది. రెండో సగం మీద ఆమెకు అధికారం లేదు, ఉన్నది ఒక్క బస్సే మరి. ఇప్పుడు ఆమె చెయ్యి ఆమెకు ఎదురుగా వచ్చి ఆ రెండో సగాన్ని మూసింది. ఈ క్షణాన ఆమెకు స్టీరింగు ఎలా పట్టాలో తెలియదు. ఇక ఎప్పటికీ తెలియదు. అయినా ఇంత గొప్పగా తాను ఏనాడూ బస్సు నడపలేదని ఆమెకు గట్టిగా అనిపించింది.

ఆడవాళ్ళు ఒక్క క్షణం తెల్లబోయారు. తరువాత ఎత్తిపట్టిన కుచ్చిళ్ళు వదిలేసి, పెళ్ళికి పోతున్నంత తీరిగ్గా నడిచారు. ఒక్కరూ పరిగెత్తలేదు.

విశ్వనాథం వాచీ చేతికి పెట్టుకున్నాడు. ఒళ్ళో ఉన్న కాగితం మీద నలభై రెండు అన్న అంకె కొట్టేసి నలభై మూడు అని రాశాడు. దాని కింద సంతకం చేసి కామేశ్వరికి ఇచ్చాడు. "పరదేశికి కబురు పెట్టండి, రానక్కర్లేదని," అన్నాడు.

అందరికన్నా వెనక సూరమ్మ నడుస్తోంది. బస్సు ముందుకు వచ్చి అద్దంలోంచి నూకరత్నాన్ని పోల్చుకుని ఆగిపోయింది. ఎదురుగా ఉన్న బస్సును, దాని వెనక లారీల మధ్య దూరంగా వస్తున్న బస్సులను గంప కిందనుంచి వంగి వంగి చూసింది.

"ఇయ్యన్నీ నీయేనేటే డ్రైవరమ్మా?"

నూకరత్నం కిటికీలోంచి తల బయటకు పెట్టింది. కళ్ళు తుడుచుకోలేదు.

"నాయే," అంది. "నువ్వు నిదానంగా దాటు."